నీట్ నుంచి బీఏకి: ఒక లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి సోషల్ టీచర్ వేసిన మార్కులు

నేను 22 ఏళ్లుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతున్నాను. 2023 డిసెంబరులో ఒక ఆదివారం మా అమ్మాయి మెడికల్ సీటు కోసం నీట్ కోచింగ్ ఇచ్చే లాంగ్ టర్మ్ హాస్టల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నాకు నీట్ వద్దు. సోషల్ చదువుకుంటాను" అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చాను.

ఈ రివ్యూ మొదలుపెట్టే ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. ఇతరుల పిల్లలకు చెప్పి జీతం తీసుకునే సబ్జెక్టు నా కూతురికి పనికిరాదని నేనే అనుకున్నాను. పదో తరగతిలో దానికి సోషల్లో 98 వచ్చినప్పుడు సంబరపడి, మర్నాడే బైపీసీలో చేర్పించిన మనిషిని. కాబట్టి నేను వేసే మార్కుల్లో కొంత పశ్చాత్తాపం కలిసి ఉండొచ్చు. చదివేవాళ్లు ఆ మేరకు తగ్గించుకోండి.

మేం చేర్చిన లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (మొదట అన్ని సబ్జెక్టులూ కొంచెం కొంచెం చదివి, తర్వాత ఒకటి ఎంచుకునే చోటు) పేరు రాయడం లేదు. అమ్మాయి ఇంకా అక్కడే చదువుతోంది, నేను కొన్ని లోపాలు కూడా చెప్పబోతున్నాను. మా తెనాలి నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. కింద పేరు పెట్టి చెప్పిన యూనివర్సిటీల్లో అది ఏదీ కాదు.

ముందు ఈ నిర్ణయం ఎలా మారిందో చెప్పాలి. లాంగ్ టర్మ్ హాస్టల్లో ఫోన్లు ఉండవు, పేపర్ రాదు, ఆదివారం పది నిమిషాలు మాట్లాడనిస్తారు. సాయంత్రం స్నాక్స్ కింద వేరుశెనగ ఉండలు పాత న్యూస్ పేపర్ ముక్కల్లో చుట్టి ఇచ్చేవారట. ఉండ తినేశాక మిగతావాళ్లు ఆ కాగితం నలిపి పారేస్తే ఇది మాత్రం విప్పి చదివేది. ఒకరోజు వచ్చిన ముక్కలో 2022 జులై గోదావరి వరదల వార్త ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరిన వరద అది. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల వాళ్లు గుట్టలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్న సంగతి రాస్తూ రాస్తూ, "పోలవరం పరిహారం అందితేనే ఖాళీ చేస్తామని" అనే చోట కాగితం చిరిగిపోయింది. ఎవరన్నారు, తర్వాత ఏమైంది, ఆ మండలాలు తెలంగాణ నుంచి మన వైపు ఎందుకొచ్చాయి? హాస్టల్లో అడగడానికి ఎవరూ లేరు. బోటనీ నోట్సు వెనక పేజీల్లో అలాంటి సగం వార్తలు రాసుకుని, మిగతా సగం తనే ఊహించి పెట్టుకునేదట. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఆ పేజీలు నాకు చూపించింది. 34 వార్తలు. జువాలజీ వీకెండ్ టెస్టులో మార్కులు పడిపోవడానికి కారణం అప్పుడు తెలిసింది.

ఆ ఏడు మండలాల బదిలీ 2014లో జరిగింది. దాన్ని నేను ప్రతి ఏడూ క్లాసులో మ్యాపు వేసి మరీ చెబుతాను. దానికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే అది బైపీసీ.

ఇంట్లో ఈ మాట పడగానే ఏం జరిగిందో తెలుగిళ్లలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మా వారికి ఊళ్లో ఎలక్ట్రికల్ షాపు. ఆయన మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు, షాపులో మాత్రం అందరితోనూ మాట్లాడారు. మా ఆడపడుచు, "లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలేయడమా వదినా? దానికి చెయ్యి తిరగదుగా!" అంది. మా అత్తయ్య ఒక్కరే నిదానంగా, "బీఏ చదివితే ఏమైందే? రామారావు చదివింది బీఏ కాదూ?" అన్నారు. నిజమే. ఎన్టీఆర్ బీఏ చదివింది గుంటూరు ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీలోనే. ఆ కాలేజీ 1885 నాటిది. బందరు నోబుల్ కాలేజీ దానికన్నా నలభై ఏళ్లు పెద్దది. మా నాన్న కూడా ఏసీ కాలేజీ బీఏనే. ఆయన పెళ్లి శుభలేఖలో పేరు పక్కన బ్రాకెట్లో బి.ఎ. అని వేయించుకున్నారు. ఆ రెండక్షరాల విలువ ఒక్క తరంలోనే ఎలా పడిపోయిందో ఎవరైనా కూర్చుని రాస్తే చదవాలని ఉంది.

ఇక వెతుకులాట. ఇక్కడ మొదటి తప్పు నాది. ఎటు పోవాలో తెలియక విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి 30,000 కట్టాను. ఏసీ గది, గోడ మీద లండన్ బ్రిడ్జి పోస్టరు. టై కట్టుకున్న అబ్బాయి మొదటి అరగంటా స్విట్జర్లాండ్ హోటల్ మేనేజ్‌మెంట్ గురించి చెప్పాడు. మేం బీఏ అంటే, ఆరు కాలేజీల జాబితా ఇచ్చాడు. ఆ ఆరింటి బ్రోచర్లే అతని టేబుల్ మీద కట్టలుగా ఉన్నాయని నాకు ఇంటికొచ్చాక వెలిగింది. అప్లికేషన్‌లో పెట్టే వ్యాసం కూడా వాళ్లే రాసి పంపించారు. అందులో మా అమ్మాయి స్కూలు బాస్కెట్‌బాల్ టీముకు కెప్టెన్ అట, చిన్నప్పటి నుంచి సమాజసేవ అంటే ప్రాణమట. మా స్కూలు గ్రౌండులో ఉన్నది ఒకే ఒక్క వేపచెట్టు, దాని కింద మధ్యాహ్న భోజనం. 22 ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నదాన్ని. కాపీ కొట్టిన జవాబు మొదటి లైనులోనే తెలిసిపోతుంది. దాన్ని పక్కన పడేసి, "నీ వేరుశెనగ కాగితాల గురించి రాయి" అన్నాను. రాసింది. ఇంగ్లిషు తప్పులు రెండు మూడు ఉంటే దిద్దాను, మిగతాది ముట్టుకోలేదు. తర్వాత ఇంటర్వ్యూలో ఇద్దరు ప్రొఫెసర్లు ఇరవై నిమిషాలు ఆ 34 వార్తల గురించే అడిగారట. కన్సల్టెన్సీకి నేనిచ్చే మార్కు సున్నా. అయితే ఆ 30,000 పోయాకే మేం సొంతంగా చూడటం మొదలుపెట్టాం.

చూసినవి చెబుతాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. జై తెలంగాణ, జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో పుట్టిన యూనివర్సిటీ అది. గచ్చిబౌలిలో ఆ బండరాళ్ల మధ్య నడుస్తూ ఈ మాట చెబితే మా అమ్మాయి, "ఇది నీ పుస్తకంలో ఒక మార్కు బిట్టు కదమ్మా, ఇంత పెద్దగా ఉందేంటి" అని నవ్వింది. ఫీజు మాలాంటి వాళ్లకు అందుబాటులో ఉంటుంది. సీయూఈటీ రాసింది కానీ దాని స్కోరుకు అక్కడ సీటు రాలేదు. మీ పిల్లలు ఇంటర్ మొదటి ఏడాదిలోనే దారి మార్చుకుంటే ముందు దీని మీద గురిపెట్టండి.

మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది. సూళ్లూరుపేట అంటే మనకు షార్ రాకెట్లు, ఫ్లెమింగో పండగ. ఆ పక్కనే ఫ్యాక్టరీల మధ్య లిబరల్ ఆర్ట్స్ చెప్పే చోటు ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. డిగ్రీ మొదటి బ్యాచ్ 2019లో చేరింది. చూసి రావడానికి వెళ్లాం, నచ్చింది. ఇంట్లో వాదించుకుంటూ అప్లికేషన్ ఆలస్యం చేశాం. తప్పు మాదే. బెంగళూరు సర్జాపూర్ వైపు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తారు. దాని ప్రవేశ పరీక్షలో మా అమ్మాయి గట్టెక్కలేదు. హర్యానా సోనీపత్‌లో 2014లో మొదలైన అశోకా పేరు ఈ చదువులో అందరూ ముందుగా చెబుతారు. మా వారు మ్యాపు చూసి, "ఢిల్లీ దాటి పంపను" అని తేల్చేశారు. దగ్గర్లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఓఏఎండీసీ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్లు) ద్వారా బీఏ సీటు సులువుగా దొరికేదే. 2023-24లో మన దగ్గర డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, అంటే అప్పట్లో చేరేటప్పుడే ఒక ప్రధాన సబ్జెక్టు తేల్చుకోవాల్సి వచ్చేది. మా అమ్మాయికి ఏం వద్దో తెలుసు గానీ ఏం కావాలో ఇంకా తెలియదు. చరిత్రా, ఎకనామిక్సా, సైకాలజీనా అని ఊగుతోంది. మాకు లిబరల్ ఆర్ట్స్ కాలేజీ కావాల్సి వచ్చిన అసలు కారణం ఇదే: మొదటి ఏడాది అన్నీ కొంచెం కొంచెం చదివి, తర్వాత మేజర్ ఎంచుకునే వీలు.

దారి మార్చుకున్న పిల్లలకు ఆ వీలు ఎంత ముఖ్యమో నాకు ఆలస్యంగా అర్థమైంది. పదిహేనేళ్ల వయసులో ఒక పేరు చెప్పించి, పదిహేడేళ్లకు అది కాదంటే వెంటనే ఇంకో పేరు చెప్పమంటాం. కొత్త పేరు చెప్పకపోతే పాతదే చదవమంటాం. నేను కూడా, "సరే డాక్టర్ వద్దు, మరి ఏమవుతావ్?" అని పదిసార్లు అడిగాను. "తెలీదు" అన్న ప్రతిసారీ బీపీ పెరిగింది.

మేం చివరికి తీసుకున్న కాలేజీ చిన్నది. మొత్తం ఆరు వందల మంది లోపే. ఏప్రిల్లో సీటు ఖాయమని మెయిల్ వచ్చింది, డిపాజిట్ 50,000 కట్టడానికి పది రోజుల గడువు. కట్టే ముందు ఒక క్లాసులో కూర్చోవచ్చా అని అడిగాను. పేరెంట్స్ ఎవరూ అలా అడగలేదనుకుంటాను, ఆఫీసులో అమ్మాయి కాసేపు తడబడి, లోపలికి ఫోన్ చేసి సరే అంది. చివరి బెంచీలో కూర్చున్నాను. 22 మంది పిల్లలు. ప్రొఫెసర్ చీర కట్టుకున్న సన్నటి ఆవిడ, మా స్కూల్లో అయితే మూడో పీరియడ్‌కి గొంతు పోయే రకం. 1931 జనాభా లెక్కల నుంచి ఒక్క పేజీ జిరాక్స్ అందరికీ ఇచ్చి, "ఈ కాగితం చూసి మనం ఏం తెలుసుకోలేం?" అని అడిగింది. ఏం తెలుసుకోగలం అని కాదు, ఏం తెలుసుకోలేం అని. గంటకు పైగా ఆ ఒక్క పేజీ మీదే నడిచింది. నేను 45 నిమిషాల్లో జనాభా పాఠం మొత్తం ముగించి బిట్లు కూడా చెప్పించేస్తాను. బయటికొచ్చి డిపాజిట్ కట్టేశాను. మా వారికి సాయంత్రం చెప్పాను.

అయినా నీట్ రాయించాం, ఫీజు కట్టేశాం కదా అని. ఆయన జూన్ 4 దాకా ఆశ వదల్లేదు. గుర్తుండే ఉంటుంది, ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజే నీట్ ఫలితాలూ వచ్చాయి. ఊరంతా టీవీల ముందు ఉంటే ఈయన షాపు షట్టరు సగం దించి ఫోన్లో రిజల్టు చూసుకున్నారు. 720కి 418. ఆ ఏడాది మార్కులు ఎలా ఉన్నాయో తెలుసు కదా, 720కి 720 అరవై ఏడు మందికి ఇచ్చారు మొదట. షట్టరు పైకెత్తి, "ట్రంకు పెట్టె కొనాలా, సూట్‌కేస్ చాలా?" అని ఫోన్ చేశారు.

డబ్బు సంగతి దాచను. ట్యూషన్ 5,60,000, హాస్టల్, మెస్ కలిపి 1,80,000. మాకు ట్యూషన్‌లో 35 శాతం తగ్గించారు. అంటే మేం కట్టేది ఏడాదికి 5,44,000. నాలుగేళ్లకు దాదాపు 22 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాకు వర్తించలేదు. ప్రైవేటు మెడికల్ కాలేజీ మేనేజ్‌మెంట్ సీటుతో పోలిస్తే చాలా తక్కువే, కానీ బీఏకి ఇంత అంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. బ్యాంకులో లోన్ అడిగితే మేనేజరు గారు ఫారం మీద కోర్సు పేరు రెండుసార్లు చదివి, "మేడం, బీటెక్ అని రాయబోయి బీఏ అని రాశారేమో" అన్నారు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. ఎంబీబీఎస్ కోసం అట్టేపెట్టిన స్థలం కాగితాలు అక్కడ పెట్టాం. ఫీజు సాయానికి నా ఫారం-16, ఆయన రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే సిద్ధం చేసుకోండి. షాపు ఆదాయం ఉన్నవాళ్లకు ఇది నెల రోజుల పని. ఇంకో మాట: మొదట మాకు 20 శాతమే ఇస్తామన్నారు. తిరిగి ఉత్తరం రాసి, లాంగ్ టర్మ్‌కి అప్పు తీసుకున్న కాగితాలు జతచేస్తే 35 చేశారు. ఇచ్చిందే మహాప్రసాదం అనుకుని ఊరుకోకండి.

ఇప్పుడు రెండు సెమిస్టర్లు పూర్తయ్యాయి కాబట్టి అసలు మార్కులు.

బోధనకు పదికి తొమ్మిది. మొదటి నెలలో ఇచ్చిన వ్యాసానికి అమ్మాయికి సీ గ్రేడ్ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక సీ చూడలేదు. రాత్రి పదకొండింటికి వీడియో కాల్‌లో ఏడుస్తూ ఆ కాగితాలు కెమెరాకు పెట్టింది. మార్జిన్లలో పద్నాలుగు చోట్ల రాసి ఉంది: "ఇది నీకెలా తెలుసు?", "ఈ రెండు పేరాలకు సంబంధం ఏమిటి?", "పెద్ద మాట, చిన్న ఆధారం." నేను పేపర్ దిద్దేటప్పుడు ఎర్ర టిక్కు, కింద మార్కు, సంతకం. అంతే. ఒక పేపర్‌కి రెండు నిమిషాలు. నాకు 140 మంది ఉన్నారు, ఆవిడకు 22 మంది, ఆ తేడా ఉంది, కాదనను. కానీ ఏడుస్తున్న కూతుర్ని ఓదార్చాల్సిందిపోయి నేను ఆ పద్నాలుగూ చదివించుకుని విన్నాను. రెండో వ్యాసానికి బీ ప్లస్ వచ్చింది. ఇక్కడ గైడ్లు ఉండవు, ముఖ్యమైన ప్రశ్నలు ఉండవు. వారానికి ఒక్కో కోర్సుకు యాభై, అరవై పేజీలు చదవాలి. లాంగ్ టర్మ్‌లో రోజుకు పద్నాలుగు గంటలు కుర్చీలో కూర్చున్న అలవాటు ఒక్కటీ ఇక్కడ పనికొచ్చింది.

లెక్కల విషయంలో జాగ్రత్త. బైపీసీ పిల్లలు పదో తరగతితో లెక్కలు వదిలేస్తారు. ఎకనామిక్స్ మేజర్ అనుకుంటే కాలిక్యులస్ ఎదురొస్తుంది. ఇది చేరేటప్పుడు మాకు ఎవరూ గట్టిగా చెప్పలేదు, "సపోర్ట్ ఉంటుంది" అన్నారు. ఆ సపోర్ట్ అంటే వారానికి ఒక గంట సీనియర్ చెప్పే ట్యుటోరియల్. మా స్కూలు మ్యాథ్స్ మాస్టారు దసరా సెలవుల్లో రోజూ రెండు గంటలు మా ఇంటికొచ్చి చెప్పకపోతే ఆ కోర్సు పోయేదే. చివరికి చరిత్ర మేజర్, ఎకనామిక్స్ మైనర్ అని తేల్చుకుంది.

రిజిస్ట్రేషన్‌కి పదికి మూడు. కోరుకున్న కోర్సులు చదవొచ్చు అని బ్రోచర్లో ఉంటుంది. నిజానికి ఉదయం తొమ్మిదింటికి పోర్టల్ తెరుచుకుంటే నలభై నిమిషాల్లో మంచి కోర్సులు నిండిపోతాయి, తిరుమల దర్శనం టికెట్లలాగే. రెండో సెమిస్టర్లో కావాలనుకున్న రెండు కోర్సులూ ఒకే టైంలో పడ్డాయి. అడగడానికి అడ్వైజర్ అని ఒకరుంటారు. ఏడాదిలో ఇద్దరు మారారు, మూడో ఆవిడకు మా అమ్మాయి పేరు ఇంకా నోరు తిరగడం లేదు. ఉద్యోగాల ఆఫీసుకు నాలుగు. చరిత్ర చదివే పిల్లకు కోడింగ్ ఇంటర్న్‌షిప్ మెయిళ్లు పంపిస్తారు. తర్వాత ఏం చేస్తుంది అని నన్ను అడిగేవాళ్లకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. ఎంఏ, లా, సివిల్స్, పేపర్లో ఉద్యోగం, రోజుకొకటి చెబుతుంది. బీపీ మాత్రం ఇప్పుడు పెరగడం లేదు, మాత్ర వేసుకుంటున్నాను.

భాష గురించి ఎవరూ రాయరు, నేను రాస్తాను. మా అమ్మాయిది ఇంగ్లిష్ మీడియమే. కానీ క్లాసులో చర్చ మొదలైతే పెద్ద పెద్ద సిటీ స్కూళ్ల పిల్లలు చెయ్యెత్తకుండానే గడగడా మాట్లాడేస్తారట. ఇది మొదటి ఆరు వారాలు నోరు విప్పలేదు. చెప్పాలనుకున్నది తలలో ఇంగ్లిషులోకి పేర్చుకునేలోపు చర్చ వేరే చోటికి వెళ్లిపోయేది. కాలేజీ దీనికి ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. ఒక ప్రొఫెసర్ గమనించి, "నువ్వు క్లాసుకు ముందే ఒక ప్రశ్న రాసి తీసుకురా, మొదటి మాట నీదే" అన్నారట. ఒక మనిషి మంచితనం అది, కాలేజీ ఏర్పాటు కాదు. మీ పిల్లలకు అలాంటి ప్రొఫెసర్ దొరుకుతారని నేను హామీ ఇవ్వలేను.

మెస్ గురించి త్వరగా: పప్పు నీళ్లు, పెరుగు ఇంకా నీళ్లు, ఆదివారం బిర్యానీ అని పిలిచేది పులావు. ఆవకాయ, గోంగూర, కందిపొడి జాడీలు మూడు పంపిస్తే నెలకు సరిపోవడం లేదు. రూమ్మేట్ మణిపూర్ పిల్ల, ఆవకాయకు అలవాటు పడింది. హాస్టల్ శుభ్రంగా ఉంది. రాత్రి లైబ్రరీ ఒంటిగంట దాకా తెరిచి ఉంటుంది, గార్డు తోడొచ్చి దిగబెడతాడు. ఫోన్లు ఎవరూ లాక్కోరు. ఇప్పుడు తనే రోజూ ఫోన్ చేయదు, అది వేరే బాధ.

అసలు ఈ కాలేజీకి మార్కులు వేయాలనిపించింది మాత్రం మార్చిలో వచ్చిన ఒక ఫోన్ వల్ల. రెండో సెమిస్టర్లో, మీ ప్రాంతం నుంచి ఏదైనా ఒక సంఘటన తీసుకుని ప్రాజెక్టు చేయమన్నారు, ఇంగ్లిషులో లేని ఆధారాలు వాడితే మరీ మంచిదన్నారు. ఇది చీరాల-పేరాల ఉద్యమం తీసుకుంది. నేను ప్రతి ఏడూ చెప్పే పాఠమే: మున్సిపాలిటీ పన్నులు కట్టలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు ఊరు ఖాళీ చేసి, రామనగరం పేరుతో గుడిసెలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు, రామదండు వాలంటీర్లు కాపలా కాశారు. నాలుగు మార్కుల ప్రశ్న.

"అమ్మా, ఆ పదకొండు నెలలూ వాళ్లు ఏం తిన్నారు?"

నాకు తెలియదు.

"మగ్గాలు తీసుకెళ్లారా? చీరాల అంటే నేతే కదా. వర్షాకాలం కూడా గుడిసెల్లోనేనా? ఎవరైనా మధ్యలో భయపడి వెనక్కి వెళ్లిపోతే వాళ్లను ఏమన్నారు?"

ఏవీ తెలియవు. 22 ఏళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. చీరాల మా ఇంటి నుంచి రైల్లో గంటన్నర. ఒక్కసారి కూడా ఈ ప్రశ్న నాకు తట్టలేదు, ఏ పిల్లాడూ అడగలేదు, అడిగినా "సిలబస్‌లో లేదు, కూర్చో" అనేదాన్నేమో.

మొత్తం మీద ఐదుకు మూడున్నర. ఒక అర మార్కు రిజిస్ట్రేషన్ పోర్టల్‌కి, ఒకటి ఫీజుకు కోసేశాను. లోన్ భారం మోయలేమనుకునేవాళ్లు దీని కోసం పొలం అమ్మకండి. సెంట్రల్ యూనివర్సిటీ చూడండి, ఊళ్లో డిగ్రీ కాలేజీకి వెళ్లి అక్కడి లెక్చరర్‌తో పది నిమిషాలు మాట్లాడండి. ఎక్కడైనా డిపాజిట్ కట్టే ముందు ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. కూర్చోనివ్వకపోతే కట్టకండి.

వేసవి సెలవుల్లో దాన్ని తీసుకుని వేటపాలెం వెళ్లాను. 1918 నాటి సారస్వత నికేతనం లైబ్రరీలో పాత తెలుగు పత్రికలు దాచి ఉంచారు. గాంధీగారి విరిగిన చేతికర్ర కూడా అక్కడే ఉంది, అది చూడటానికి వచ్చే జనమే ఎక్కువనుకుంటాను. ఇది నేరుగా పత్రికల దగ్గరికి పోయింది. కాగితం వేలితో ముట్టుకుంటే పొడి రాలుతోంది. తల్లీకూతుళ్లం చెరో వైపు కూర్చుని, ఊపిరి కూడా మెల్లగా వదులుతూ పేజీలు తిప్పాం. పదకొండున్నర ప్రాంతంలో అది నా మోచెయ్యి పట్టుకుని లాగింది. చీరాల నుంచి వచ్చిన వార్త. సగం కాలమ్ ఉంది, మిగతా సగం అంచు విరిగి ఊడిపోయింది.

"మళ్లీ ఇదేనా!" అని అంత నిశ్శబ్దంలోనూ పకపకా నవ్వింది. లైబ్రేరియన్ గారు తలెత్తి చూశారు. మధ్యాహ్నం దాకా తర్వాతి నెల సంచికలు వెతికాం, తిండి సంగతి దొరకలేదు. ఆకలేసి బయటికొచ్చాం. జూన్లో మళ్లీ వెళ్లాలి.